గజం వదిలితే స్థలం తగ్గుతుందా? మీటరు మీద మనవాళ్ళ అనుమానాలు

గుణదల గృహస్థు
అందరికీ నమస్కారం. గుణదలలో 200 గజాల స్థలం ఉంది, 40 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు. ఇల్లు మొదలుపెడదామని ప్లాను గీయించాను. ఇంజనీరు మొత్తం మీటర్లలో ఇచ్చాడు. అనుమతికి అలాగే పెట్టాలట. దస్తావేజులో కూడా "200 చదరపు గజములు లేదా 167.2 చదరపు మీటర్లు" అని ఉంది. మా మావయ్యగారు ఇప్పుడు దాన్నే పట్టుకున్నారు. మీటర్లలోకి మార్చేటప్పుడు ఎంతో కొంత మింగేస్తారట. "చుక్క తర్వాత అంకెలు ఎక్కడ తెగ్గొట్టారో నీకు తెలుసా?" అన్నారు. నాకు తెలియదు.

ప్రపంచమంతా మీటర్లే వాడుతోందండీ అన్నాను. "ప్రపంచమంతా గడ్డి తింటే మనమూ తినాలా?" అన్నారు. గజం మన తాతలనాటిది, మీటరు నిన్నగాక మొన్న వచ్చింది అన్నది ఆఖరి మాట. ఆయన మొండివారే గానీ తెలివితక్కువ మనిషి కాదు, సహకార బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయ్యారు. ఇలాంటి పెద్దల్ని ఎవరైనా ఒప్పించి ఉంటే ఎలా ఒప్పించారో చెప్పండి.

పటమట పంతులమ్మ
ఒప్పించడం తర్వాత. ముందు ఆయన అడిగినదానికి జవాబివ్వండి, చాలా మంచి ప్రశ్న అది.

గజం అంటే సరిగ్గా 0.9144 మీటరు. దాన్ని దానితోనే గుణిస్తే చదరపు గజం 0.83612736 చదరపు మీటరు. 200 గజాలకు 167.2255 వస్తుంది. మీ కాగితంలో 167.2 అని రాశారు. అంటే తెగ్గొట్టింది 0.0255 చదరపు మీటరు. అడుగుల్లో చెప్పాలంటే పావు చదరపు అడుగు కంటే కాస్త ఎక్కువ, 0.27. ఈ లెక్క ఆయన ముందే కూర్చుని వేయండి, ఆయన చేతనే వేయించండి.

తర్వాత ఇంకో లెక్క వేయించండి. 40 అడుగుల ముఖం కొలిచేటప్పుడు టేపు ఒక్క అంగుళం వదులుగా పట్టారనుకోండి. 45 అడుగుల లోతుకి ఆ అంగుళం 3.75 చదరపు అడుగులు. చుక్క తర్వాత పోయినదానికి దాదాపు పద్నాలుగు రెట్లు. స్థలం ఎక్కడైనా పోతే టేపు పట్టుకున్న చేతిలో పోతుంది, మీటరులో కాదు. మావయ్యగారి అనుమానం తప్పని నేననను. అది సగం దారిలో ఆగిపోయింది, అంతే. మీటరుని నిలదీసినట్టే గజాన్నీ నిలదీయమనండి.

కృష్ణలంక కుర్రాడు
మేడమ్, నాకు స్కూల్లో మీలాంటి టీచరు తగిలుంటే లెక్కల్లో తప్పేవాణ్ణి కాదు.

మిర్చియార్డు బాబాయ్
గుంటూరు నుంచి. తాతలనాటి కొలతల గురించి ఒక ముక్క చెబుతా అబ్బాయ్. మా నాన్నగారి కాలంలో సరుకంతా వీశెలు, మణుగులు, బారువలు. వీశె అంటే 120 తులాలు, సుమారు కిలో నాలుగొందల గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. ఇది మన మద్రాసు రాష్ట్రం లెక్క. అదే మణుగు కలకత్తా వెళితే నలభై శేర్లు, 37 కిలోలు దాటుతుంది. పేరొకటే, సరుకు మూడు రెట్ల పైన తేడా. శేరులోనూ కచ్చా శేరు, పక్కా శేరు. కుంచం సంగతి అడగనే వద్దు, ఊరికో కుంచం. పోసేటప్పుడు ఒక కుంచం, కొలిచి తీసుకునేటప్పుడు ఇంకో కుంచం పెట్టుకున్న ఆసాముల కథలు మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రైతు మోసపోయింది ఆ సందుల్లోనే. ఇవాళ యార్డులో రేటు క్వింటాకి పలుకుతుంది. టిక్కీ, అదే మిర్చి బస్తా, ఎంత తూగినా కిలోల్లో కాటా చీటీ వస్తుంది, రైతు సెల్‌ఫోన్లో గుణించి చూసుకుంటాడు. మణుగులు తిరిగి తెమ్మని ఇప్పటిదాకా ఒక్క రైతూ అడగలేదు. పాత కొలతే మేలని చెప్పేవాళ్ళని ఒకటే అడుగుతా, ఏ ఊరి పాత కొలత?

కృష్ణలంక కుర్రాడు
బాబాయ్, మరి మల్లెపూలు ఇంకా మూరల్లోనే కదా. మూర ఎంతన్నది అమ్మే ఆవిడ చేతిని బట్టి. మా వీధిలో పొడుగు చేతుల ఆవిడ దగ్గరే అందరూ కొంటారు. మార్కెట్ శక్తులంటే ఇవేనేమో.

వాస్తు మిత్ర
చర్చ బాగుంది గానీ అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. గృహస్థు గారూ, ఇంటికి ఆయం, అంటే కొలతని బట్టి మంచీ చెడూ చూసే వాస్తు లెక్క, కట్టేది గజాలతో, అడుగులతో. మీటర్లలో కడితే ఆయం ఎలా చూస్తారు? క్షేత్రఫలాన్ని తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి ధ్వజాయం, సింహాయం, వృషభాయం, గజాయం మంచివి. ధూమ, శ్వాన, ఖర, కాకాయాలు పనికిరావు. మీ మావయ్యగారి భయం ఇదే అయ్యుంటుంది, పైకి చెప్పలేదంతే. మీటరు పరాయి దేశపు కొలత, దానికి శాస్త్రంలో చోటు లేదు.

బ్రాడీపేట సందేహి
మిత్ర గారూ, కాగితం తీసుకోండి, కలిసి చేద్దాం. 30 అడుగులు × 27 అడుగుల ఇల్లు. 810 చదరపు అడుగులు, అంటే 90 గజాలు. మీ పద్ధతిలో 90ని 9తో గుణిస్తే 810. ఎనిమిదితో భాగిస్తే శేషం 2. ధూమాయం, పనికిరాదు. అంతేనా?

అదే ఇల్లు. ఇటుక కదల్చలేదు, గోడ జరపలేదు. మీటర్లలో 75.25 చదరపు మీటర్లు వస్తుంది, 75 అనుకుందాం. తొమ్మిదితో గుణిస్తే 675. ఎనిమిదితో భాగిస్తే శేషం 3. సింహాయం! చిల్లర వదలకుండా 75.25నే గుణిస్తే 677, శేషం 5, వృషభాయం. అదీ మంచిదే. టేపు తిప్పి పట్టుకుంటే ఇంట్లోంచి పొగ పోయి సింహం వచ్చి కూర్చుంది.

ఇంకో తమాషా ఉంది. ఒక చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు. అంటే తొమ్మిదితో గుణించడమంటే గజాల్ని అడుగులు చేయడమే. పైగా ఎనిమిదితో భాగించినప్పుడు తొమ్మిదికి మిగిలేది ఒకటే కాబట్టి గుణించినా గుణించకపోయినా శేషం మారదు. 90ని నేరుగా ఎనిమిదితో భాగించినా మిగిలేది రెండే.

వాస్తు మిత్ర
వెటకారం వద్దండీ. శాస్త్రంలో అసలు కొలత హస్తం, అంగుళం. 24 అంగుళాలు ఒక హస్తం. అడుగులు, గజాలు మనం సౌకర్యానికి వాడుకుంటున్నాం. ఆయాన్ని ఒక్కో సంప్రదాయంలో ఒక్కో రకంగా కడతారు కూడా.

బ్రాడీపేట సందేహి
వెటకారం కాదు సార్, నాకు కావలసిన మాట మీరే అన్నారు. ఇప్పటి మన టేపు మీది అడుగు, గజం శాస్త్రంలోవి కావు. ఇంగ్లీషువాడి గజమే మన టేపు మీద 36 అంగుళాలై కూర్చుంది. సౌకర్యానికి పన్నెండు అంగుళాల అడుగుని శాస్త్రంలోకి రానిచ్చినప్పుడు నూరు సెంటీమీటర్ల మీటరుని గుమ్మం బయట నిలబెట్టడం ఏం న్యాయం? ఎకరం కూడా అంతే. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 1620 ప్రాంతంలో 66 అడుగుల గొలుసు చేసి నూరు లింకులుగా విడగొట్టాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అందులో నూరో వంతు మన సెంటు, 48.4 గజాలు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పొలాలన్నీ ఆ ఇంగ్లీషు గొలుసుతో కొలిచినవే. తాతలనాటిది అనుకుని కాపాడుకుంటున్నది తెల్లదొరల సర్వే కొలత.

లైబ్రరీ పురుగు
మీ ఆయం లెక్క చదివితే పిరమిడ్ అంగుళం గుర్తొచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో చార్లెస్ పియాజీ స్మిత్ అని స్కాట్లండుకి ఆస్థాన ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. చిన్నా చితకా మనిషి కాదు. ఈజిప్టులోని గొప్ప పిరమిడ్‌ని కట్టించింది దేవుడి ప్రేరణేననీ, అందులో వాడిన అంగుళం బ్రిటిష్ అంగుళానికి దాదాపు సమానమనీ ఆయన వాదం. ఎంతంటే 1.001 అంగుళం. అలాంటి పాతిక అంగుళాలు ఒక మూర. పిరమిడ్ ఒక పక్క పొడవుని ఆ మూరతో భాగిస్తే 365.24 వస్తుందట, అంటే ఏడాదికి ఎన్ని రోజులో అంత! కాబట్టి అంగుళం దేవుడిచ్చింది, మీటరు ఫ్రెంచి విప్లవకారుల నాస్తిక కొలత. మీటరు వద్దనడానికి బ్రిటన్‌లో దీన్ని గట్టిగా వాడుకున్నారు. అమెరికాలో 1879లో ఈ అంగుళాన్ని కాపాడటానికి ఏకంగా ఒక సంఘం పెట్టుకున్నారు.

ఆ వాదాన్ని పడగొట్టినవాడి కథ ఇంకా బాగుంటుంది. ఫ్లిండర్స్ పెట్రీ వాళ్ళ నాన్న స్మిత్‌కి వీరాభిమాని. ఆ వాదం వింటూ పెరిగిన కొడుకు, సరే కొలిచి చూద్దామని 1880లో ఈజిప్టు వెళ్ళాడు. రెండేళ్ళపాటు జాగ్రత్తగా కొలిచాడు. స్మిత్ లెక్క ప్రకారం పక్క పొడవు 9140 అంగుళాలు ఉండాలి. పెట్రీకి 9069 వచ్చింది. డెబ్భై ఒక్క అంగుళాలు తక్కువ, అంటే దాదాపు ఆరడుగులు. 365.24 ఎగిరిపోయింది, దాంతో పిరమిడ్ మూర కూడా. ఎవరి మీదా దండెత్తి వెళ్ళలేదు ఆయన, గొలుసు పట్టుకుని వెళ్ళాడంతే.

సీతానగరం సివిల్
నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. మీరంతా మీటరు పక్షం వాళ్ళలాగే మాట్లాడుతున్నారు కాబట్టి కాస్త అడ్డుపుల్ల వేస్తాను.

మన ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం 12 అడుగులు, నిల్వ 3.07 టీఎంసీలు. నాగార్జునసాగర్ 590 అడుగులు, శ్రీశైలం 885. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడని ముంచిన ఆ రోజుల్లోనే బ్యారేజీ మీద 11.4 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఇవన్నీ అడుగుల కొలతలే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు. మూఢనమ్మకం వల్లనా ఇవి ఉండిపోయినవి? కాదు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చింది 811 టీఎంసీలు. పంపకాలు, కేసులు, గేట్ల పట్టికలు, కాలువల డిజైన్లు అన్నీ ఆ అంకెల మీద నిలబడి ఉన్నాయి. రేపటినుంచి ఘనపు మీటర్లంటే నాలుగు రాష్ట్రాల లాయర్లకి పండగే. మార్పుకి ఖర్చుంటుంది. ఆ ఖర్చుని ఎత్తి చూపే ప్రతివాణ్ణీ చాదస్తుడు అనకూడదు.

ఇంకోటి. మెట్రిక్‌లో అన్నీ పదుల్లో తేలిపోతాయంటారు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ అంకె బట్టీ పట్టడం కష్టమని మా కొత్త కుర్రాళ్ళు గొణుగుతారు. సెకనుకు ఒక ఘనపు మీటరు చొప్పున రోజంతా పారితే మాత్రం ఎంత? 86,400 ఘనపు మీటర్లు. అదీ గుండ్రంగా లేదు కదా. రోజుకి 86,400 సెకన్లు ఉన్నంత కాలం ఏ కొలతా మనల్ని కాపాడదు.

పటమట పంతులమ్మ
సివిల్ గారూ, మంచి మాట. మెట్రిక్ వాళ్ళు చెప్పే గొప్పల్నీ పరీక్షించాల్సిందే. అయితే ఒక చిన్న తేడా. ఘనపు మీటర్లయితే రోజుల దగ్గర మాత్రమే 86,400 అడ్డొస్తుంది. దాని తర్వాత లీటరు కావాలంటే వెయ్యితో గుణిస్తే చాలు, హెక్టారు మీద ఎన్ని మిల్లీమీటర్లు నిలుస్తుందో కావాలంటే పదితో భాగిస్తే చాలు. టీఎంసీలో ఉన్న నీళ్ళు ఎన్ని ఎకరాల మీద ఎన్ని అంగుళాలు నిలుస్తాయో చెప్పమంటే 43,560తో కుస్తీ పట్టాలి. వానని మిల్లీమీటర్లలో కొలుస్తున్నాం, చెరువుని ఘనపుటడుగుల్లో. ఈ రెండింటి మధ్య రోజూ ఎవరో ఒకరు లెక్క మార్చాల్సిందే.

ఆటోనగర్ స్పానర్
లెక్క మార్చడం దగ్గరే కొంపలు మునుగుతాయి మేడమ్. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాలి. కొత్తగా మెట్రిక్‌లోకి మారుతున్న రోజులు. లీటరుకి ఇన్ని కిలోలు అని వేయాల్సిన చోట ఇన్ని పౌన్లు అన్న అంకె వేశారు. సగం కూడా నిండలేదు. గాల్లో ఇంజన్లు రెండూ ఆగిపోతే పైలట్లు దాన్ని తేల్చుకుంటూ తెచ్చి గిమ్లి అనే చోట పాత రన్‌వే మీద దించారు. ప్రాణాలు పోలేదు.

కృష్ణలంక కుర్రాడు
చూశారా, పాత కొలతల వల్ల ఎంత ప్రమాదమో!

బ్రాడీపేట సందేహి
ఆగు తమ్ముడూ. ఆ ఉదంతం దాన్ని రుజువు చేయదు. ఆ విమానం పూర్తిగా పౌన్లలోనే ఉంటే ఆ గొడవే రాదు. 1999లో అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న ఉపగ్రహమూ అంతే, ఒక జట్టు పౌన్లలో ఇచ్చిన అంకెని ఇంకో జట్టు మెట్రిక్ కొలతైన న్యూటన్లు అనుకుంది. రెండు కొలతలు ఒకే గదిలో ఉండటం ప్రమాదం. అలాంటప్పుడు ఒకటే ఉంచాలంటే ఏది ఉంచాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మిర్చియార్డు బాబాయ్ మణుగు కథలో ఉంది. మనకి అనుకూలంగా ఉందని బలహీనమైన సాక్ష్యం తెచ్చుకుంటే మావయ్యగారు రెండు నిమిషాల్లో పట్టేస్తారు. బ్యాంకు మనిషి.

తెనాలి తాతయ్య
నేను 1957 చూసినవాణ్ణి. ఏప్రిల్ ఒకటిన కొత్త పైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు దమ్మిడీలు. కొత్తగా రూపాయికి నూరు నయాపైసలు. అణాకి ఆరుంపావు పైసలు రావాలి, పావు పైసా నాణెం లేదు. ప్రభుత్వం పట్టిక వేసి ఊరూరా అంటించింది. అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. అరపైసా, అంతకన్నా తక్కువుంటే వదిలేయాలి, ఎక్కువుంటే పైకి తీసుకోవాలి. అందుకే ఆరణాలకి 37 మాత్రమే.

మా బజారులో ఒకటే గోల, దుకాణదారు పైసా పైసా నొక్కేస్తాడని. మా మేష్టారు ఒకాయన మాచేత పలకల మీద లెక్క వేయించాడు. అణా వస్తువుని విడివిడిగా పదహారు సార్లు కొంటే ఎంతవుతుంది? 96 పైసలు. పాత లెక్కలో రూపాయి. నాలుగు పైసలు మనకే మిగిలాయి! మూడణాలది కొంటే పావు పైసా మనకి పోతుంది. ఏది ఎప్పుడు కొనాలో పిల్లలం పట్టిక చూసి కొనుక్కునేవాళ్ళం. అణా వస్తువుకి ఏడు పైసలు అడిగిన ఒక కొట్టతన్ని మేం పట్టిక చూపించి నిలదీశాం. ఆ తర్వాత తూనికలు మారాయి, 1958 అక్టోబరు నుంచి మొదలుపెట్టి 1962 కల్లా దేశమంతా కిలోలు వచ్చేశాయి. అప్పటికి జనం ఈ లెక్కల్లో ఆరితేరారు.

మిర్చియార్డు బాబాయ్
తాతయ్యా, అదీ సంగతి. పట్టిక గోడ మీద ఉంది కాబట్టి అనుమానం ఉన్నవాడు అక్కడికక్కడే తేల్చుకున్నాడు. "మమ్మల్ని నమ్మండి" అని ఊరుకుని ఉంటే ఇప్పటికీ అణాలే వాడుతుండేవాళ్ళం.

లండన్ గుంటూరోడు
పదిహేనేళ్ళుగా ఇక్కడున్నాను. బ్రిటన్ 1965లో మెట్రిక్‌లోకి మారతామంది. ఈ రోజుకీ రోడ్ల మీద మైళ్ళే. 2001లో సండర్లాండ్‌లో స్టీవ్ థోబర్న్ అనే అరటిపండ్ల వ్యాపారికి పౌన్ల కాటా వాడినందుకు శిక్ష పడింది. మరుసటేడు అప్పీలూ ఓడిపోయాడు. జనంలో చాలామంది ఆయన్ని వీరుడన్నారు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆయన తక్కువ తూచాడని ఎవరూ అనలేదు. పౌను మంచిదా కిలో మంచిదా అన్నదీ అసలు గొడవ కాదు. "నా కొట్లో నేనెలా తూయాలో చెప్పడానికి వాళ్ళెవరు?" అన్నది గొడవ. అలాంటి మనిషికి దశాంశాల లెక్క ఎంత చూపించినా ఉపయోగం ఉండదు. గృహస్థు గారూ, మీ మావయ్యగారు ఏ రకమో ముందు తేల్చుకోండి. మోసపోతామని భయమా, తనని అడక్కుండా ప్లాను గీయించారని కోపమా?

గుణదల గృహస్థు
…రెండోది కూడా ఉంది.

కృష్ణలంక కుర్రాడు
హహ్హహ్హ. లండన్ అన్న మంత్రం వేసినట్టు పట్టేశాడు.

వాస్తు మిత్ర
మీటరు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఫ్రెంచివాళ్ళు వాళ్ళ ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్నదే కదా. దానికి మాత్రం ఈ పరీక్షలు వర్తించవా?

లైబ్రరీ పురుగు
వర్తిస్తాయి, బాగా అడిగారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరు అనుకున్నారు. డెలాంబ్ర్, మెషాన్ అనే ఇద్దరు 1792 నుంచి ఏళ్ళ తరబడి డంకిర్క్ నుంచి బార్సిలోనా దాకా కొలిచారు. అంత చేసినా మీటరు అనుకున్నదాని కన్నా 0.2 మిల్లీమీటరు పొట్టిగా వచ్చింది. బార్సిలోనా దగ్గర లెక్కల్లో పొంతన కుదరక మెషాన్ ఆ సంగతి బయటపెట్టకుండా కుమిలిపోయాడు. ఫ్రాన్సులోనే జనం మొరాయిస్తే 1812లో నెపోలియన్ పాత పేర్లని వెనక్కి రానిచ్చాడు. మళ్ళీ ఖాయంగా అమలైంది 1840లో.

కాబట్టి మీటరు ప్రకృతి ఇచ్చిందన్నది గొప్ప కోసం చెప్పే మాట. అదీ మనుషులు పెట్టుకున్న గీతే. కాకపోతే దాని పొరపాట్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, కొలిచినవాళ్ళే రాసిపెట్టారు, తర్వాతివాళ్ళు సరిచేశారు. 1983 నుంచి మీటరుకి ఆధారం కాంతి వేగం. 2019 మే 20 నుంచి కిలోకి కూడా నమూనాగా దాచిన లోహపు ముద్ద అక్కర్లేకుండా పోయింది. మన గజం సంగతి? 1959లో బ్రిటన్, అమెరికాతో కలిపి ఆరు దేశాలు కూర్చుని గజాన్ని 0.9144 మీటరు అని నిర్వచించుకున్నాయి. అంటే గజం ఇప్పుడు బతుకుతున్నదే మీటరు నీడన.

ఆటోనగర్ స్పానర్
ఇన్ని మాటలెందుకండీ. మా ఆటోనగర్లో జపాన్ బళ్ళ భాగాలు వచ్చాక మిల్లీమీటరు స్పానర్లు వచ్చాయి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నట్టుకి పట్టకపోతే ఏ మేస్త్రీ అయినా స్పానర్ మారుస్తాడు. మీ ఇంటి దగ్గరే చూడండి. తాపీ మేస్త్రీ ఇనుము అడిగేటప్పుడు పన్నెండు ఎంఎం, ఎనిమిది ఎంఎం అంటాడు. అదే నోటితో స్లాబు ఐదంగుళాలు అంటాడు. ప్లైవుడ్ షీటు ఎనిమిది బై నాలుగు అడుగులు, మందం 18 ఎంఎం. ఒకే చెక్కకి రెండు దేశాలు. సరుకు ఏ కొలతలో వస్తే మనిషి ఆ కొలతకి అలవాటు పడతాడు. టేపు మీద రెండు వైపులా రెండు కొలతలు ఉన్నంత కాలం మేస్త్రీ అడుగుల వైపే చూస్తాడు.

నేనైతే ఒట్టి మీటర్ల టేపు కొని మేస్త్రీ చేతిలో పెడతా.

సీతానగరం సివిల్
పెట్టి చూడండి, మర్నాడు పనిలోకి రాడు. కాంట్రాక్టు చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకున్నారు, కొలత మీటర్లలో అంటే ఎలా? ప్లానులో మీటర్లుండనీయండి. మేస్త్రీకిచ్చే కాపీలో పక్కన అడుగులు రాయించండి. ఆ మార్చే పని ఇంజనీరే చేసి సంతకం పెట్టాలి, సైటులో ఎవరి నోటి లెక్కా చెల్లదు. ఎందుకంటారా, ప్రహరీకీ ఇంటికీ మధ్య వదలాల్సిన జాగా మీటర్లలో చెబుతారు, తనిఖీకి వచ్చినవాడు మీటర్లలోనే కొలుస్తాడు. మీటరున్నర వదలమంటే ఐదడుగులని నోటికి వచ్చింది కడతారు, అది సుమారు ఒకటీ పాయింట్ ఐదు రెండు. ఫరవాలేదు. ఒక మీటరుకి మూడడుగులు అన్నారో, ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దొరికిపోతారు. గోడ లేచాక దాన్ని జరపలేం.

గుణదల గృహస్థు
అందరికీ ధన్యవాదాలు. పంతులమ్మ గారి లెక్క మావయ్యగారి చేత వేయించాను. క్యాలిక్యులేటర్ వద్దని చేత్తోనే వేశారు. 0.27 చదరపు అడుగు దగ్గర ఆగి, "ఇంతేనా" అన్నారు. టేపు అంగుళం లెక్క చూశాక మాత్రం సర్వేయరు వచ్చినప్పుడు టేపు రెండో కొస తనే పట్టుకుంటానన్నారు. పట్టుకోనిస్తున్నాను. లండన్ గారు చెప్పింది కూడా పాటించి, మెట్లు ఎటు ఉండాలో ఆయన్నే అడిగాను.

కానీ ఒక ఎదురు ప్రశ్న వేశారు, నాకు జవాబు లేదు. "కొలత మారిస్తే సరుకు మారదంటున్నావు. మరి మా పెళ్ళినాడు తులం బంగారం అంటే పదకొండు గ్రాముల అరవై ఆరు. ఇప్పుడు తులం అంటే పది గ్రాములు ఇస్తున్నారు. ఆ గ్రామున్నర ఎవరు తిన్నారు?"

మిర్చియార్డు బాబాయ్
మావయ్యగారికి నా నమస్కారం చెప్పబ్బాయ్. ఇది గట్టి దెబ్బ.

పటమట పంతులమ్మ
నిజంగా గట్టి దెబ్బే. పాత తులం 11.66 గ్రాములు. వ్యాపారంలో గుండ్రంగా ఉంటుందని పదికి దించి పేరు అదే ఉంచేశారు. ధర కూడా పది గ్రాములకే చెబుతారు కాబట్టి డబ్బులో మోసమేమీ లేదు. కానీ "పెళ్ళికి పది తులాలు పెడతాం" అని మాటిచ్చిన చోట తేడా వస్తుంది. పాత తులాలైతే 116.6 గ్రాములు, కొత్తవైతే నూరు. పదహారు గ్రాముల పైన తేడా! కాసు ఎనిమిది గ్రాములంటున్నాం కదా, రెండు కాసులు. మావయ్యగారు పట్టుకున్న మోసం మీటరుదీ గ్రాముదీ కాదు, కొత్త కొలతకి పాత పేరు తగిలించడానిది. తులం అనకుండా గ్రాముల్లో మాట్లాడుకుంటే ఈ సందే ఉండదు. బిల్లు మీద బరువు గ్రాముల్లో, రేటు గ్రాముకి, తరుగు, మజూరీ వేరువేరుగా రాసిమ్మని అడగమనండి. ఈ ప్రశ్న కనిపెట్టినవారు తప్పకుండా అడుగుతారు.

తెనాలి తాతయ్య
మా ఇంట్లో మా ఆవిడ ఇప్పటికీ పాత తులమే అంటుంది. కోడళ్ళు కొత్త తులం అంటారు. పండక్కి ఈ గొడవ తప్పదు.

వాస్తు మిత్ర
సందేహి గారూ, రాత్రి మీ 30 × 27 లెక్క మళ్ళీ వేసుకున్నాను. మీరు వేసింది గోడ బయటి కొలత. లోపలి కొలత తీసుకోవాలని కొందరు అంటారు. లోకొలత తీసుకుంటే గజాల్లోనే మంచి ఆయం రావచ్చు. మా గురువుగారిని అడిగి చెబుతాను.

బ్రాడీపేట సందేహి
అడగండి సార్, నేనూ నేర్చుకుంటాను. ఒక్కటే మనవి. లోకొలతా బయటి కొలతా, అడుగా హస్తమా, చిల్లర వదలాలా ఉంచాలా, ఈ మూడూ ఆయన చేత ముందే కాగితం మీద రాయించండి. గృహస్థు గారి ప్లాను అంకెలు నేను ఆ తర్వాత పంపిస్తాను.